తెర ముందే పడ్డ బొమ్మ

కోరుట్లలోని కంటి దవాఖానలో, కూతురు జేబా కళ్లు చూసిన డాక్టరమ్మ ఏం చెబుతుందోనని బీడీలు చేసే రాబియా బీ బిక్కుబిక్కుమంటూ కూర్చుంది.

"నా తంబాకు దుమ్మే బిడ్డ కండ్లు తిన్నదా, డాక్టరమ్మా?"

"దుమ్ముతోని గాదు, రాబియా బీ. కంటిగుడ్డు గుండ్రంగ ఉండాలె. జేబాది జర పొడుగు పెరిగింది. కంటి లోపల ఎనుక ఉండే తెర మీద పడాల్సిన బొమ్మ ముందట్నే పడుతున్నది. అందుకే దూరంది మసక."

"మరి గుడ్డును నొక్కి గుండ్రం చేస్తరా?"

"నొక్కుడెందుకు? అద్దాలు పెడితే బొమ్మ తెర మీదికే పోతది."

రాబియా బీ కొంగుతో మొహం తుడుచుకుంది. "దుమ్ము ఇంట్లకు రావొద్దని ఎండైనా వానైనా అరుగు మీదనే బీడీలు చేసిన. ఇగ లోపట్నే కూసుంట."

"అరుగు మీదనే కూసో, అమ్మీ," అంది జేబా. "బడి నుంచి అచ్చేటప్పుడు గల్లీ మొదట్ల నుంచే నిన్ను చూస్త."