కూర్చున్నవాళ్లదే చేను

చెరుకు కొట్టే కూలీల లారీ ఎల్లారెడ్డి రోడ్డు మీద ఆగి హారన్ కొడుతోంది. చేని గట్టు మీద కూర్చున్న తల్లిని పిలవడానికి తండా నుంచి ఉరికొచ్చిన సునీలకు కాలు ఒక్కచోట నిలవడం లేదు.

"లే యాడీ! బాపు లారీ ఎక్కిండు. అందరు నీకోసమే ఆగిన్రు."

"నేను రాను. పోయినేడు మేము చెరుకు కొట్టి వచ్చేసరికి మీ కాక, బాపు సొంత తమ్ముడే, గెట్టు జరిపి మన చేన్ల జొన్న ఏసుకున్నడు. యాదికి లేదా?"

"పట్టా మన పేరు మీదనే ఉన్నది గద?"

"పట్టా పెట్టెల ఉంటది బిడ్డా. చేన్ల మనిషి లేకుంటే గిట్లనే అయితది."

మళ్లీ హారన్. సునీల రోడ్డు వైపు చూసింది.

"మా ఇంగ్లీష్ సార్ గూడ గిదే చెప్పిండు. పొసెస్ అంటే సొంతంగ ఉంచుకునుడు. ఎన్కట లాటిన్ల దాని మూలం, మాలిక్ లెక్క కూసునుడంట."

"దున్నుడు గాదా?"

"కాదు. కూసునుడే."

"అయితే లేస్తే గుంజుకునేటోళ్లు గప్పుడు గూడ ఉన్నరన్నట్టు."

సునీలకు నవ్వు రాలేదు. చెప్పులు విడిచి తల్లి పక్కనే కూలబడింది.

"నువ్వు పో యాడీ. నేను కూసుంట."

"మరి బడి?"

సునీల ఇంకా గట్టిగా సర్దుకుని కూర్చుంది. తల్లి గబుక్కున లేచింది. లారీ వైపు నడవలేదు. కూతుర్ని రెక్క పట్టి లేపింది.

"నువ్వు బడికి నడువు. కూసునే పని నాది."

లారీ కదిలింది. లారీ వెనక భాగంలో నిలబడిన తండ్రి, వాళ్లిద్దరినీ చూస్తూ, మలుపు తిరిగేదాకా కూర్చోలేదు.