ఎకరం దేశం

గడ్డిమందు పంపు వీపున తగిలించుకుని వచ్చిన చెన్నబసప్ప, భార్య ఎకరం చుట్టూ చీర పేలికల తాడు చూసి ఆగిపోయాడు. లోపల సంగమ్మ నిలబడి ఉంది.

“ఏందే ఇది?”

“నా ఎకరం ఇయ్యాల్టి సంది వేరే దేశం. ఫోన్ల జూసిన, ఎవరో గిట్లనే జేసుకున్నరట.”

“మరి నీ దేశంల జనమేరి?”

“తుమ్మికూర, చెంచలికూర, దొగ్గలికూర.”

“అదంత కలుపే! మందు గొడితే రెండొద్దులల్ల సాఫయితది.”

“పొద్దుగాల రొట్టెల మళ్ల మళ్ల ఏసుకొని తిన్నవు గద, గా కూర ఏడిదనుకున్నవు?”

చెన్నబసప్ప పంపు దించి తాడు బయటే పెట్టాడు.

“లోపటికి రావాల్నంటే ఏం జెయ్యాలె?”

“చేతులు మంచిగ కడుక్కొని రా. మా దేశంల మొగోళ్లు గూడ కూర తెంపుతరు.”