జైపాల్ కాక తిప్పిన ఉపగ్రహం

ఎల్లుండే వర్షకు వైమానిక దళం ఇంటర్వ్యూ. ఆ దళంలో ఉపగ్రహాలు చూసుకునే అధికారి కావాలని ఆమె పట్టుదల. ఆ సంగతులు తెలిసినవాడు గౌడవెల్లిలో ఒక్కడే, జైపాల్. అదే విభాగంలో పెద్ద ఆఫీసరుగా చేసి రిటైరయ్యానని ఊరంతా చెప్పుకుంటాడు. అందుకే తండ్రి లింగం ఆమెను నాగమణి చాయ్ హోటల్‌కి వెంటబెట్టుకొచ్చాడు. వచ్చి గంటయింది, పనికొచ్చే ముక్క ఒక్కటీ రాలలేదు.

"కాకా, ఇంటర్వ్యూల ఏమడుగుతరో జెప్పు," అంది వర్ష నాలుగోసారి.

"చెప్తున్న గదనే బిడ్డా! ముందుగాల నా సంగతి ఇను. కొత్తల ఒకపాలి ఉపగ్రహం శామీర్‌పేట చెరువు మీద జరంత పక్కకు ఒరిగింది. సార్లందరు పరేషాన్. నేను మెల్లగ సరిజేసిన, గంతే."

"ఎట్ల సరిజేసినవే అన్నా?" నాగమణి చాయ్ వడగడుతూ అడిగింది.

ఎందుకడిగిందిరా దేవుడా అనుకుంది వర్ష.

"క్లచ్ తొక్కి, గేరు మార్చి, స్టీరింగ్ ఇటు గుంజిన. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? ఎదురుంగ ఇంకో దేశపోళ్ల ఉపగ్రహం వస్తాంది, హారన్ కొడితె జరుగుతలేదు! ఇగ నేనే రివర్స్‌ల చంద్రుని దాంక పోయిన. ఆడ ఇంజన్ వేడెక్కింది."

"నీళ్లెక్కడియి కాకా ఆడ?" ఈసారి వర్షే అడిగింది.

"గందుకే, పొయ్యే తోకచుక్కను ఆపి, మంచు ఇరగ్గొట్టి రేడియేటర్ల ఏసిన! గది సూసి పెద్దసారు ఏమన్నడో ఎరికేనా? 'జైపాల్, సూర్యుడు మస్తు మండుతుండు, అటో చక్కర్ కొట్టి రా' అన్నడు. పోయిన. సూర్యునికి అడ్డంగ వెట్టి హ్యాండ్‌బ్రేక్ గుంజిన. గా యాడాది మేడ్చల్‌ల ఎండకాలమే రాలే!"

"అవునే, ఆ యేడు వానలు మస్తు పడ్డయి," లింగం అమాయకంగా తలాడించాడు.

వర్షకు ఒళ్లు మండింది. దిగ్గున లేచి నిలబడింది.

"కాకా, ఉపగ్రహానికి క్లచ్ ఉండదు. గేరుండదు. హారనుండదు. నిజం జెప్పు, నువ్వు ఆడ ఆఫీసరువా, డ్రైవరువా?"

పొయ్యి మీద చాయ్ పొంగుతున్నా నాగమణి దించలేదు. జైపాల్ ఖాళీ గ్లాసునే రెండుసార్లు నోటిదాకా తీసుకుపోయాడు.

"డ్రైవర్నే," అన్నాడు చివరికి. "పదకొండేండ్లు ఒక మేడం బండి తోలిన. యాప్రాల్‌ల ఆమె ఇల్లు. పెద్ద ఆఫీసరు, ఉపగ్రహాల పని మొత్తం ఆమె చేతులనే ఉండె."

"బాపూ, పోదాం పా," అంది వర్ష. గంట మట్టిలో కలిసింది. రెండడుగులు వేసి, ఉండబట్టలేక వెనక్కి తిరిగింది. "గా మేడం ఎట్లుంటుండె?"

"ఎనక సీట్ల కూసొని ఫోన్ మాట్లాడుతుండె. పైనోళ్లు అడిగింది ఎరిక లేకుంటే, 'నాకు తెల్వది సార్, కనుక్కొని జెప్త' అంటుండె. గంత పెద్దామె! ముందు సీట్ల కూసొని ఎన్నిసార్లిన్ననో. నాకే గా మాట రాకపాయె."

"గీ ముక్క గంట కింద జెప్తె ఏంబోయేది కాకా!" విసుక్కుంటూనే బల్ల మీద కూలబడింది వర్ష. "ఇంకేమంటుండె మేడం? జల్దీ జెప్పు."