పిన్ని చుక్క

పరిశోధనశాలలో పెద్ద తెర ముందు పిన్ని, అక్కడే పనిచేసే ఆమె అక్క కూతురు. తెర మీద కంప్యూటర్ లెక్కగట్టి నడిపే ఒక ఊరు, ఊరంతా మనుషులకు బదులు కదిలే చుక్కలు.

"ఆ ఎర్రచుక్క నేనేనా?"

"నువ్వే అని కాదు పిన్నీ. నీ వయసు, నీ వీధి, నీలాంటి సంసారం ఉన్న ఒకావిడ."

"అంటే నేనే. మరి ఆ పక్క చుక్కతో ఏం మాట్లాడుతున్నాను?"

"అది పక్కింటావిడ."

"ఛీ! ఆవిడతో నాకు మాటల్లేవు. ముందు విడదీసెయ్."

"విడదీస్తే లెక్క తప్పుతుంది. క్యాన్సర్ ఒక్క మనిషి సంగతి కాదు పిన్నీ. ఫ్యాక్టరీ పొగ, సిగరెట్ కొట్టు, బస్సు, ఇరుగుపొరుగు, అన్నీ ఒకదాన్నొకటి లాగుతుంటాయి. ఊరినంతా కలిపి నడిపిస్తేనే తెలుస్తుంది, ఎవరు ముందుగా క్యాన్సర్ పరీక్షకి వెళ్తారో, ఎవరు ఆలస్యం చేస్తారో."

"ఏదీ, నేను వెళ్తున్నానా?"

"లేదు. నీ చుక్క వంటింట్లోనే తిరుగుతోంది."

"కదలదేం? తొయ్యవే దాన్ని!"

"నేను తొయ్యకూడదు. దానంతటదే కదలాలి. ఇదిగో, ఆసుపత్రికి బస్సు వేస్తున్నా."

"ఎక్కిందా?"

"స్టాపు దాకా వెళ్ళి వెనక్కొచ్చేసింది."

"ఎందుకొచ్చిందే, సిగ్గులేనిది! వాకిట్లోకి బస్సొస్తే ఎక్కడానికేం రోగం?"

"మెల్లగా పిన్నీ. పక్కగదిలో మా సారున్నారు."

"ఉండనీ. పరీక్ష ఉచితం చెయ్యి."

"చేశా."

"మొగుడికి వంట వచ్చేట్టు చెయ్యి."

"అదీ చేశా. కదల్లేదు."

"ఆయనకి వంట వచ్చినా కదల్లేదా! ఇంకేం కావాలట మహారాణికి?"

"పక్కింటి చుక్కకీ పరీక్ష కబురు అందేట్టు చేసి చూద్దాం... అదిగో, ఆవిడ ఎక్కింది. వెనకే నీదీ ఎక్కింది!"

"ఆవిడ వెనకాలా? నేనా?"

"నీలాంటి ఆవిడ."

"వెళ్తే... ఏమైందట?"

"జబ్బుని తొందరగా పట్టుకున్నారు. నయమైపోయింది. చూడు, ఇద్దరూ కబుర్లాడుకుంటూ ఇంటికొస్తున్నారు."

"అంత సంబరమేం అక్కర్లేదు. ఒక్కతే వెళ్ళదా?"

"ఎన్నిసార్లు నడిపినా ఒక్కతే వెళ్ళడం లేదు పిన్నీ. అరె, లేచావేం? కాఫీ తెప్పిస్తున్నానుగా."

"వద్దు. నా ఫోన్లో పక్కింటావిడ నంబరు కలిపివ్వు."

"ఆవిడతో మాటల్లేవన్నావు?"

"లేవు. నాకు రొమ్ములో గడ్డ ఉందే, వేసవి నుంచీ."