ఎగ్గొట్టిన మూడో చరణం

చర్చిలో నోరు మూసుకుని కూర్చోవడమే భక్తి అనుకుని నా కూతురు పెరుగుతుందేమోనన్నదే నాకున్న పెద్ద భయం. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక పక్క గదిలో దానికి పాలిస్తుంటే, క్వయర్ మాస్టారూ, చిన్నప్పుడు మాకు కీర్తనలు నేర్పిన పెద్దమ్మా మాట్లాడుకోవడం వినిపించింది.

“మూడో చరణం ఎందుకు ఎగ్గొట్టావు నాయనా?”

“టైము చాలట్లేదు పెద్దమ్మా. మొదటిదీ చివరిదీ పాడితే చాలదా?”

“మొదటిదాంట్లో మనిషి పాపంలో పడతాడు. చివరిదాంట్లో పరలోకంలో ఉంటాడు. మధ్యలో క్షమించిందెవరు, నువ్వా?”

“అది అయ్యగారు ప్రసంగంలో చెబుతారుగా.”

“ప్రసంగం గేటు దాటేలోపే మర్చిపోతారు. పాటైతే అంట్లు తోముతున్నా నోట్లో ఆడుతుంది. ఐదో క్లాసుతో బడి మానేసిన పిల్లలకి జ్ఞానోపదేశం పాటల్లోనే నేర్పాను. లూథరన్లమని బోర్డు పెట్టుకుంటే సరా? ఆ పేరు మనకిచ్చినాయన సంఘమంతా పాడాలన్నాడు.”

“మీరు బెంచీలోంచి గొంతెత్తితే మైకులో మా శ్రుతి చెడుతోంది. ఇకనుంచి మనసులో పాడుకోండి.”

“అన్నం కూడా మనసులోనే తింటావా?”

“అందరి ముందూ చెప్పించుకోకండి పెద్దమ్మా.”

“అక్కర్లేదులే. నా చోటు కూడా నీ మైకుకే ఇచ్చుకో.”

ఆ బడి మానేసిన పిల్లల్లో నేనొకదాన్ని. ఒళ్ళు మండిపోయింది. బిడ్డను భుజాన వేసుకుని తలుపు తీసేసరికే ఆమె వెళ్ళిపోయింది. ఈ ఆదివారం రాలేదు. ఆమెది ఒంటరి కాపురం. బిడ్డకు జ్వరం, నేను కదల్లేకపోతున్నాను. మన సంఘంలో మీరెవరైనా ఆమె ఇంటివైపు వెళితే, తలుపు కొట్టి ఆమె ఎలా ఉందో చూసి రండి.