ఏదైనా అయితే ఎవరికి చెప్పాలి?

పద్దెనిమిది నిండిన పిల్లను సోమవారం పెద్దల ఆసుపత్రికి పంపేస్తున్నారు. పిల్లల వార్డు నర్సు తానే అక్కడి డాక్టరైనట్టు గొంతు సవరించుకుని, ఎదురుగా కూర్చుంది.

“ఏమ్మా, ఏంటి నీ జబ్బు?”

పిల్ల పక్కనున్న ఖాళీ కుర్చీకేసి చూసింది.

“అటు చూడకు. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆవిడే చెప్పేది. ఇక నువ్వే చెప్పుకోవాలి.”

“కండరాలకి శక్తి అందని జబ్బండీ. లక్షమందిలో ఒకరికొస్తుంది.”

“భేష్! ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చెయ్యాలి?”

పిల్ల తడుముకోకుండా నంబరు అప్పజెప్పింది. నర్సుకు నవ్వాగలేదు.

“ఓసి పిచ్చిమొద్దూ, అది మన వార్డు నంబరే!”

“నాకు నోటికొచ్చింది అదొక్కటే సిస్టర్.”

నర్సు నవ్వు ఆగిపోయింది.

“అక్కడికెళ్ళినవాళ్ళ ఫోను మేం ఎత్తకూడదే తల్లీ. రూలు.”

“ఎత్తొద్దులెండి. మోగనివ్వండి చాలు.”