ఎర్ర పెన్సిలు చుట్టిన సూపర్‌నోవా

1984 సెప్టెంబరు 3న కోక్‌తాష్ వేధశాలలో సహాయ పరిశీలకురాలిగా చేరిన శ్రీమతి ముహయ్యో ఎర్గషేవా, ముప్పై నాలుగేళ్ల సేవ అనంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఇన్నేళ్లలో ఈ సంస్థ ఆమె నుంచి పొందినదెంతో, ఆమెకు ఇచ్చినదెంతో బేరీజు వేస్తే, బాకీపడినది సంస్థే.

ఆ రోజుల్లో ఆకాశాన్ని ఫొటో రసాయనం పూసిన గాజు పలకలపై చిత్రీకరించేవారు. మర్నాడు కొత్త పలకను పాతదాని పక్కన పెట్టి, కొత్తగా కనిపించిన ప్రతి చుక్కకూ ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టేవారు. అదే చోటును మరో పలకపై ఫొటో తీసి చూసిన తరువాతే అది నక్షత్రమో మచ్చో తేల్చేవారు. ఆ పనిలో ముహయ్యో గారి ఓర్పుకు సాటి లేదు.

1994 వసంతంలో పలకల సరఫరా ఆగిపోయింది. సరఫరా అధికారి ఆదిల్ నజరోవ్, అంటే ఈ వ్యాసకర్తే, బజారు వ్యాపారుల కుటుంబంలో పుట్టినవాడు. గడువు తీరిన పలకలను చవకగా తెచ్చి, గొప్ప బేరం చేశానని మురిసిపోయాడు. వాటి నిండా మచ్చలే. అతణ్ణి 'అకా', అంటే అన్నా అని పిలిచే ముహయ్యో గారు ఏప్రిల్‌లో ఒక ఉదయం పలక పట్టుకుని గిడ్డంగికి వచ్చారు.

"ఆదిల్ అకా, ఈ గెలాక్సీ అంచున చూడండి, కొత్త చుక్క. ఇంకో పలక ఇవ్వండి, ఇవాళే తేల్చేస్తా."

"ముహయ్యోఖాన్, మొన్నటిదాకా మచ్చల పలకలు తెచ్చానని తిట్టింది మీరే కదా! మచ్చకో పలక చొప్పున ఇస్తే ఎండాకాలానికి గిడ్డంగిలో నేనొక్కణ్ణే మిగులుతా."

"ఇది మచ్చలా లేదు అకా. అంచులు చూడండి, గుండ్రంగా ఉంది."

"నా పలకల మీద మచ్చలు కూడా అందంగానే పడతాయి లెండి."

ఆమె నవ్వలేదు. రెండో పలక లేనిదే ప్రకటించకూడదన్నది నియమం. సున్నా పక్కన 'మచ్చ' అని రాసి వెళ్లిపోయారు.

తొమ్మిది రోజులకు వేరే దేశం వారు అదే గెలాక్సీలో, అదే చోట, సూపర్‌నోవాను కనుగొన్నట్లు ప్రకటించారు. సంస్థ సంజాయిషీ అడిగితే ముహయ్యో గారు ఒక్క వాక్యమే రాశారు: "గుర్తించడంలో పొరపాటు నాది." గిడ్డంగి ప్రస్తావన లేదు. ఆమెకు రావలసిన శాఖాధిపతి పదవి ఏడేళ్లు ఆలస్యమైంది. వ్యాసకర్త మాత్రం ఆ ఏడాదే పొదుపు చేసినందుకు ప్రశంసాపత్రం అందుకున్నాడు.

ఆ సూపర్‌నోవా మసకబారే దాకా ఆమె పలకలు అక్కరలేని కాంతిమాపకంతో డెబ్బై రాత్రులు దాని వెలుగును కొలిచారు. ఆ కొలతలను ఈనాటికీ వాడుకుంటున్నారు. విందుల్లో కూతురు నిగోరా, "నక్షత్రాన్ని పట్టుకుని మచ్చ అంది మా అమ్మ!" అని ఆటపట్టిస్తే, ఆమె అందరికీ పులావు వడ్డిస్తూ ఉండేవారు. ఎదుట కూర్చున్న వ్యాసకర్త కూడా అందరితోపాటు నవ్వాడు, ఒకసారి కాదు.

ముహయ్యో గారు ఆరోగ్యంతో, కంటిచూపు తగ్గకుండా, మనుమల నడుమ నిండు నూరేళ్లు జీవించాలని కోరుకుంటున్నాం. నిగోరా, మీ అమ్మ ఎన్నడూ చెప్పని మాట ఆలస్యంగానైనా నేను చెప్పాలి: ఆమె ఆ నక్షత్రాన్ని అందరికన్నా ముందే చూశారు. పలక ఇవ్వనిది నేను.